ఒమేగా సెంటారీ

ఒమేగా సెంటారీ దక్షిణాకాశంలోని సెంటారస్ రాశిలో కనిపించే ఒక గోళాకార తారాగుచ్ఛము. దీనికి ఎన్‌జీసీ 5139 అను మరొక పేరు కలదు. గురుత్వాకర్షణ వలన బంతి ఆకారంలో దట్టంగా గుమిగూడిన వృద్ధ నక్షత్రాల సమూహాన్ని గోళాకార తారాగుచ్ఛము అంటారు. పాలపుంతలో ఇటువంటివి 150కి పైగా ఉన్నవి. వాటన్నింటిలో ఇదే అతి పెద్దది, అతి ప్రకాశవంతమైనది.

చరిత్ర

క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ దీనిని ఒక నక్షత్రంగా భావించి తన పట్టికలో చేర్చాడు. 1603లో జొహాన్ బేయర్ కూడా నక్షత్రంగానే ఎంచి ఒమేగా అను గ్రీకు అక్షరాన్ని ఇచ్చాడు. 1677లో సెయింట్ హెలీనా ద్వీపం నుండి పరిశీలించిన ఎడ్మండ్ హేలీ ఇది నక్షత్రం కాదని గ్రహించాడు. 1830లలో జాన్ హెర్షెల్ దీనిని తారాగుచ్ఛముగా గుర్తించాడు.

లక్షణాలు

ఇది భూమికి సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అనగా నేడు మనం చూచే కాంతి మానవుడు వ్యవసాయం నేర్వక పూర్వమే బయలుదేరినది. దీని వ్యాసం సుమారు 150 కాంతి సంవత్సరాలు. ఇందులో దాదాపు కోటి నక్షత్రాలు ఉన్నవని అంచనా.

సాధారణంగా ఒక గుచ్ఛములోని నక్షత్రాలన్నీ దాదాపు ఒకే కాలంలో పుడతాయి. ఒమేగా సెంటారీలో మాత్రం వేర్వేరు తరాల, వేర్వేరు రసాయన మిశ్రమాల నక్షత్రాలు కలవు. కావున ఇది పూర్వం పాలపుంత మ్రింగివేసిన ఒక చిన్న గెలాక్సీ యొక్క నడిభాగమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 2024లో హబుల్ దూరదర్శిని చిత్రాలలో, దీని కేంద్రం వద్ద అతివేగంగా కదిలే ఏడు నక్షత్రాలను కనుగొన్నారు. వాటిని పట్టి ఉంచుటకు సూర్యునికి కనీసం 8,200 రెట్లు ద్రవ్యరాశి గల కృష్ణబిలం అవసరమని లెక్కించారు. దీనిపై చర్చ కొనసాగుతున్నది.

శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ప్రయోగించిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా ఈ గుచ్ఛమును అతినీలలోహిత కాంతిలో చిత్రించినది.

పెబ్బేరు నుండి వీక్షణ

లండన్ వంటి ఉత్తర నగరాలలో ఇది ఎన్నడూ ఉదయించదు. తెలుగు ప్రాంతాల వారికి మాత్రం చక్కగా కనిపిస్తుంది. వనపర్తి జిల్లా పెబ్బేరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి సమీపంలో ఉండుట వలన, అక్కడ ఇది దక్షిణ దిక్కున సుమారు 26 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. దీనిని గుర్తించుటకు చిత్తా నక్షత్రం సహాయపడుతుంది. మే నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో చిత్త దక్షిణ దిశలో ఉచ్చస్థానానికి వచ్చినప్పుడు, దానికి సూటిగా క్రింద, చాచిన చేతి పిడికిలితో కొలిస్తే మూడున్నర పిడికిళ్ళ దూరంలో ఒమేగా సెంటారీ ఉంటుంది. వెన్నెల లేని రాత్రి, దీపాలకు దూరంగా పొలాల వద్ద నిలబడితే, మసకబారిన చుక్కవలె కంటికి కనిపిస్తుంది. బైనాక్యులర్స్‌తో గుండ్రని తెల్లని మచ్చగా, చిన్న దూరదర్శినితో విడివిడి చుక్కలుగా కనిపిస్తుంది. వీధి దీపాల వెలుగు పెరిగిన చోట్ల మాత్రం దీనిని వట్టి కంటితో చూడడం కష్టం.