రేవు చూసి పడవెక్కండి

నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలకు వెళ్తున్నారా? స్నానం, సోమేశ్వరుని దర్శనం కాగానే పిల్లలు "పడవెక్కుదామమ్మా" అంటారు. పులిహోర మూట కట్టడంతోనే మన పని అయిపోలేదు. ఎక్కే రేవు, దిగే రేవు కూడా మనమే చూసుకోవాలి.

అక్కడున్నది శ్రీశైలం జలాశయం నీరు. నిండితే 885 అడుగులు. నీరు తగ్గేకొద్దీ రేవూ కిందికి జరుగుతుంది. అవతలి సంగమేశ్వరాలయం మునిగి, వేసవిలో బయటపడేది అందుకే. కాబట్టి పోయినసారి దిగిన చోటే ఈసారీ దిగొచ్చనుకోకండి. కొత్తగా తేలిన ఒడ్డు పైకి ఎండినట్టున్నా లోపల బురదే. చంకలో పిల్లతో కాలు దిగబడితే లేవలేం. మెట్లో, గట్టి రాళ్లో ఉండి, పడవను తాడుతో కట్టేసే రేవు మంచిది. ఈదురుగాలి తగిలే చోటికన్నా గుట్ట చాటు రేవు మేలు.

గద్వాల, వనపర్తి వైపు పుట్టి ఎక్కాల్సొస్తే అంచున నిలబడకండి. ఒక్కొక్కరే ఎక్కి, మధ్యలో కూర్చోండి.

2007 జనవరిలో సింగోటం జాతర ప్రయాణంలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మంది దాకా పోయారు. అది మరిచిపోకండి. ఎక్కేముందు తలలు లెక్కపెట్టండి. పిల్లలకు లైఫ్ జాకెట్ మీ చేత్తోనే బిగించండి. జనం ఎక్కువైతే, ఇంట్లోవాళ్లు ఎంత తొందరపెట్టినా "తర్వాతి పడవకొస్తాం" అనండి. పోయేది ఓ అరగంటేగా!