పిల్లి ఎక్కడికి పోయింది?

పిల్లలూ, మీరు పెంచుకునే పిల్లి రాత్రి ఇంటికి రాలేదా? ఊరు దాటి పోయిందని బెంగపెట్టుకోకండి.

తప్పిపోయిన పిల్లులను గురించి 2018లో ఒక పరిశోధన వెలువడింది. దొరికిన పిల్లులలో నూటికి 75, తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపలే ఉన్నవట! అంటే, మీ పిల్లి ఇరుగుపొరుగు ఇళ్ళలోనే ఉండవచ్చునన్న మాట.

భయపడిన పిల్లి తరచు, పిలిచినా పలకక ఏ మూలనో నక్కి ఉంటుంది. మూసిన కొట్టుగదిలో చిక్కుకుంటే దానికి నీళ్ళయినా దొరకవు. ఆ గది తాళంచెవి ఏ పక్కింటి పిన్నిగారి కొంగుననో ఉంటుంది గనక, ఆలస్యం చెయ్యక వెళ్ళి అడగండి.

చీకటి పడ్డాక అటకలమీదా, మెట్లకిందా టార్చిలైటు వేయించి చూడండి. పిల్లి కంటిలో వెనకవైపున వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉన్నది. రెండు కళ్ళు తళుక్కుమన్నాయా, అది మీ పిల్లే కావచ్చు!