గుడికి ముందు గుడిసె

బీదరుకు చుట్టాలొస్తే మనందరం చూపించేవి అవే: కోట, మహమూద్ గవాన్ మదరసా, నానక్ ఝీరా గురుద్వారా, నరసింహ ఝరణి. వెళ్ళేటప్పుడు చేతికి ఒక బిద్రీ డబ్బా. పదకొండేళ్ళుగా నేనూ అదే చేశాను. కిందటి సంక్రాంతి సెలవుల్లో మన సంఘం కుటుంబాలన్నీ కలిసి బస్సు మాట్లాడుకుని సన్నతి వెళ్ళకపోతే ఇప్పటికీ అదే చేస్తూ ఉండేవాణ్ణి.

ముందుగా ఒక మనవి. నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్ఫై ఏళ్ళుగా జమాఖర్చులు సరిచూస్తున్నవాణ్ణి. ఈ వ్యాసం కూడా ఒక లెక్క సరిచూసుకోవడమే. అందులో నా వంతు తప్పు ఒకటుంది. దాన్ని చివర్లో చెబుతాను.

పాదాల కింద శాసనం

సన్నతి కలబురగి జిల్లాలో భీమానది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చంద్రలాంబ అమ్మవారి గుడి అక్కడ ప్రసిద్ధం. 1980వ దశకంలో ఆ ప్రాంగణంలోని కాళికాదేవి గుడి పైకప్పు కూలింది. శిథిలాలు తొలగిస్తుంటే, విగ్రహానికి పీఠంగా వేసిన రాతిపలక మీద బ్రాహ్మీ అక్షరాలు కనిపించాయి. పలకకు రెండు వైపులా రాతే. విగ్రహం నిలబెట్టడానికి ఎప్పుడో మధ్యలో తొలిచిన కంతలో కొన్ని అక్షరాలు పోయాయి. మిగిలినవి చదివితే అవి అశోకుడి శాసనాలు! వాటిలో పన్నెండవ శిలాశాసనం ఒకటి. సొంత మతాన్ని పొగుడుకోవడానికి ఎదుటివారి మతాన్ని కించపరచవద్దని, ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలని ఆయన చెప్పింది అందులోనే. ఆ మాటలు అమ్మవారి పాదాల కింద భద్రంగా ఉన్నాయన్నమాట.

పక్కనే కనగనహళ్ళిలో 1990లలో భారత పురావస్తు శాఖ వారు తవ్వితే ఒక మహాస్తూపం బయటపడింది. రాణితో, పరిచారికలతో నిలబడ్డ రాజు శిల్పం, దాని మీద అశోకుడి పేరు అక్కడ దొరికాయి. శాతవాహన రాజుల శిల్పాలు కూడా పేర్లతో సహా ఉన్నాయి. స్తూపానికి పొదిగిన పలకలు ఆ చుట్టుపక్కల దొరికే సున్నపురాయి. మన ఇళ్ళలో నేలకు పరిచే షాబాదు బండ కూడా ఆ భీమా లోయ రాయే. ఆ మాట చెప్పగానే మన ఆడవాళ్ళంతా వంగి పలకల్ని తడిమి చూశారు!

అప్పుడే మా పక్కింటి కుర్రవాడు, ఆరో తరగతి చదువుతున్నాడు, నన్నడిగాడు: "అంకుల్, ఈ గుడికి గుమ్మం ఎక్కడ?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను.

రాతికి వాసాలెందుకు?

స్తూపానికి గుమ్మం ఉండదు. అది లోపలికి వెళ్ళే కట్టడం కాదు, చుట్టూ ప్రదక్షిణం చేసే కట్టడం. ఎండావానా తగలకుండా ప్రదక్షిణం చేయాలంటే పైన కప్పు కావాలి. ఆ కప్పు ఎలా ఉండేదో మన ఏలూరు జిల్లా గుంటుపల్లిలో చూడవచ్చు. క్రీ.పూ. 2వ శతాబ్దం ప్రాంతంలో కొండను తొలిచి గుండ్రని గది చేశారు. నడుమ స్తూపం. తల ఎత్తి చూస్తే రాతి కప్పుకు వాసాలున్నాయి, పూరిగుడిసెకు ఉన్నట్టే. రాతికి వాసాలెందుకు? అవసరం లేదు. కానీ ఆ శిల్పికి తెలిసిన ఇల్లు గుడిసె. కర్రతో కట్టినవి చెదలు తినేశాయి, వాటి రూపం మాత్రం రాతిలో నిలిచింది. స్థానికులు ఆ స్తూపాన్నే ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు.

తర్వాత గుండ్రని గది ముందు పొడవైన హాలు చేర్చారు. ముందు వైపు చదరంగా, వెనుక గుండ్రంగా ఉన్న ఆ ఆకారాన్ని మన శిల్పశాస్త్రం గజపృష్ఠం అంటుంది. అంటే ఏనుగు వెనుక భాగం. ఇది చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ ఏనుగు వీపు నా చిన్ననాటిది!

నాయనమ్మ చూపించిన గుడి

మాది నరసరావుపేట వైపు పల్లె. శివరాత్రికి నాయనమ్మ మమ్మల్ని చేజర్ల కపోతేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళేది. పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ అక్కడే చెప్పింది. ఆ గర్భాలయం పైకప్పు బోర్లించిన పడవలా, వెనుక గుండ్రంగా ఉంటుంది. 'ఈ గుడి ఇలా ఉందేమిటి నాయనమ్మా' అని ఒక్కసారీ అడగలేదు.

ఆ కట్టడం మొదట బౌద్ధ చైత్యమేనని, తర్వాత శివాలయం అయిందని తొలినాటి పరిశోధకులు రాశారు. తర్వాతివారు అందరూ ఒప్పుకోలేదు. కారణం ఉంది. గుడిమల్లం పరశురామేశ్వరాలయంలో 1973లో తవ్వితే, ప్రాచీనమైన ఆ లింగం చుట్టూ అదే ఏనుగు వీపు ఆకారంలో పాత ఇటుక కట్టడం కనిపించింది. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా, సాగర్ నీళ్ళు కమ్మేలోగా తవ్వితే, ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ విహారాలతో పాటు హిందూ దేవాలయాల పునాదులూ బయటపడ్డాయి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఆ లోయలో అవి ఇరుగుపొరుగున ఉన్నాయి. ఐహొళెలోని దుర్గ గుడి కూడా గజపృష్ఠమే. (ఆ పేరు అమ్మవారిది కాదు, పక్కనున్న దుర్గానిది!)

కనుక ఎవరిది ఎవరు తీసుకున్నారన్న తగువులో నాకు పస కనిపించలేదు. వడ్రంగి ఒకడే, రాతిపనివాడు ఒకడే. బుద్ధుడి కోసం పిలిస్తే అక్కడ కట్టాడు, శివుడి కోసం పిలిస్తే ఇక్కడ కట్టాడు. శిబి కథ కూడా మహాభారతంలోనూ ఉంది, బౌద్ధుల కథల్లోనూ ఉంది.

గుమ్మం వచ్చింది, శిఖరం లేచింది

విగ్రహారాధన పెరిగాక దేవుడికి గది కావలసి వచ్చింది. సాంచీలో స్తూపానికి దగ్గర్లోనే 5వ శతాబ్దపు చిన్న గుడి ఉంది. ఒక చదరపు గది, ముందు నాలుగు స్తంభాల వసారా, పైన చదును కప్పు. అంతే! మన గర్భగుడి, ముఖమండపం అక్కడ కనిపిస్తాయి. తర్వాత గర్భగుడి మీద శిఖరం లేచింది. ఆలంపురం నవబ్రహ్మాలయాల్లో ఉత్తరాది తరహా శిఖరాలు చూస్తాం. పట్టదకల్లులో ఉత్తర, దక్షిణ పద్ధతులు రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఆ తర్వాత కల్యాణి చాళుక్యులు ఈ రెంటినీ కలిపి తమ బాణీ తయారు చేసుకున్నారు. వారి రాజధాని మన జిల్లాలోని బసవకల్యాణే. హుమనాబాదు తాలూకా జలసంగ్విలో, ఆరో విక్రమాదిత్యుణ్ణి పొగుడుతూ శ్లోకం రాస్తున్న రాతి యువతిని మీరు చూసే ఉంటారు.

ఇంత మారినా గుడిసె మాత్రం పోలేదు. పాత గుళ్ళ చూరుకు గుర్రపు నాడా ఆకారంలో చిన్న చిన్న గవాక్షాలు వరుసగా ఉంటాయి. అవి ఒకనాటి కర్ర చైత్యాల ముఖద్వారపు కిటికీలే, బొమ్మలుగా మిగిలాయి.

నా సంతకం

ఇక నా తప్పు. కొన్నేళ్ళ కిందట ఇక్కడికి దగ్గర్లోని ఒక ఊరి పెద్దలు శివాలయ జీర్ణోద్ధరణకు చందా కోసం వచ్చారు. అప్పుడు సంఘం కోశాధికారిని నేను. రసీదు మీద సంతోషంగా సంతకం పెట్టాను. ప్రారంభోత్సవానికీ వెళ్ళాను. పాత గుడి పోయి సిమెంటు స్లాబు, మెరిసే టైల్సు వచ్చాయి. విప్పిన రాళ్ళు చెరువుగట్టున పడి ఉన్నాయి. ఒక దాని మీద గుర్రపు నాడాల వరుస ఉంది. దాని మీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. నేను చూశాను, ప్రసాదం తీసుకుని వచ్చేశాను.

సన్నతి నుంచి వచ్చిన వారానికి మళ్ళీ వెళ్ళాను. ఆ రాయి ఒక్కటే మిగిలింది. మిగతావి కల్వర్టు కింద పోయాయన్నారు. నేను బాధపడితే ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "డబ్బిచ్చింది మీరే కదా సార్!"

నిజమే. వాళ్ళు భక్తితో కట్టుకున్నారు, తెలియక పారేశారు. అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు. నలుగురం పట్టి ఆ రాయిని గుడి వెనుక వేపచెట్టు కిందికి చేర్చాం. ఖాతాలో అంతే జమ.

శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళకు రాళ్ళు విప్పి, తెచ్చి ఆలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. అంత పని మనం చేయలేం. కానీ జీర్ణోద్ధరణ చందా పుస్తకం వచ్చినప్పుడు 'పాత రాళ్ళు ఏం చేస్తారు? పురావస్తు శాఖ వారికి చూపించారా?' అని అడగగలం. విప్పకముందు నాలుగు ఫోటోలు తీయించగలం. సంఘం తరఫున ఇకపై ఈ రెండూ అడిగాకే చందా ఇవ్వాలని నా ప్రతిపాదన. సభ్యులు ఆలోచించాలి.

మా పక్కింటి కుర్రవాడికి జవాబు చెప్పాను. అంతా విని, "అయితే ముందు గుడిసె, తర్వాత గుడి అన్నమాట" అన్నాడు. నేను ఇన్ని పేజీల్లో రాసింది వాడు ఒక్క ముక్కలో చెప్పాడు.