వారసత్వ ఆస్తికి విలువ కట్టేదెలా?

వరంగల్: ఇంటిపెద్ద కన్నుమూశాక పంపకాల వేళ వారసుల మధ్య ముందుగా తలెత్తేది విలువ ప్రశ్నే. ఇంటికి ఎంత కట్టాలి, పొలాన్ని ఏ ధరకు లెక్కించాలి అన్న వాదనలతో పాటు వారసత్వ పన్ను కట్టాలా అన్న సందేహమూ చాలామందిని వేధిస్తుంటుంది. పన్ను లేకపోయినా విలువ నిర్ధారణలో అశ్రద్ధ చూపితే ఆ ఆస్తిని అమ్మే రోజున నష్టం తప్పదు.

అప్పట్లో 85 శాతం
మరణించిన వారి ఆస్తిపై 1953 నాటి ఎస్టేట్ డ్యూటీ చట్టం కింద మన దేశంలోనూ పన్ను వసూలు చేసేవారు. రూ.20 లక్షలు దాటిన భాగంపై అది 85 శాతం వరకు ఉండేది. 1985 మార్చి 16 నుంచి దీనిని ఎత్తివేశారు. సంపద పన్నును కూడా 2015 బడ్జెట్‌లో రద్దు చేశారు. బ్రిటన్‌లో 3.25 లక్షల పౌండ్లు దాటిన ఆస్తిపై సాధారణంగా 40 శాతం పన్ను పడుతుండగా, ఇక్కడ వీలునామా ద్వారా గానీ, వారసత్వంగా గానీ సంక్రమించిన ఆస్తికి పన్ను లేదు.

కోర్టుకు ఎప్పుడు?
హిందువుల వీలునామాకు ప్రొబేట్ పొందడం తెలంగాణలో తప్పనిసరి కాదు. వివాదం ఉన్నప్పుడు సివిల్ కోర్టును ఆశ్రయించాల్సి వస్తుంది. బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీల కోసం 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద వారసత్వ ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఇందుకు చెల్లించే కోర్టు రుసుము ఆ మొత్తం విలువపై ఆధారపడుతుంది. నామినీగా పేరు ఉన్నంత మాత్రాన యజమాని కారు. బీమా సొమ్ము విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ సంగతి స్పష్టం చేసింది.

ఎవరి వాటా ఎంత?
వీలునామా రాయకుండా మరణించిన హిందూ పురుషుని స్వార్జితంలో భార్య, తల్లి, కుమారులు, కుమార్తెలకు సమాన వాటా ఉంటుంది. పిత్రార్జితంలో కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2005 సవరణ చెప్పగా, ఆ నాటికి తండ్రి జీవించి ఉండనక్కర లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆడబిడ్డ తన వాటాను స్థిరాస్తిలో వదులుకోదలిస్తే విడుదల దస్తావేజును రిజిస్టర్ చేయించాలి. నోటిమాట చెల్లదు.

విలువలు మూడు
మొదటిది ప్రభుత్వ విలువ. రిజిస్ట్రేషన్ రుసుములకు ఇదే ఆధారం. రాష్ట్రంలో దీనిని 2021 జూలై 22న, మళ్లీ 2022 ఫిబ్రవరి 1న పెంచారు. రెండోది బయట పలికే ధర. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు న్యాయంగా పంచుకోవాలంటే దీనినే చూడాలి. మూడోది 2001 ఏప్రిల్ 1 నాటి విలువ. అంతకు ముందు తండ్రి కొన్న ఆస్తిని వారసులు అమ్మితే లాభం లెక్కకు దీనిని తీసుకోవచ్చు. అయితే భూమి, ఇళ్ల విషయంలో ఇది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించరాదు.

ఉదాహరణకు, 2001లో రూ.10 లక్షల రిజిస్ట్రేషన్ విలువ ఉన్న హన్మకొండలోని ఇంటిని అన్నదమ్ములిద్దరు 2025-26లో రూ.40 లక్షలకు అమ్మారనుకుందాం. ఇక్కడే ఉంటున్న తమ్ముడు ద్రవ్యోల్బణ సూచీ 376ను వర్తింపజేసుకుంటే అతని వాటా ఖర్చు రూ.18.80 లక్షలవుతుంది. మిగిలిన రూ.1.20 లక్షలపై 20 శాతం చొప్పున పన్ను రూ.24 వేలు. అమెరికాలో స్థిరపడిన అన్నకు ఆ వెసులుబాటు లేదు. రూ.15 లక్షల లాభంపై 12.5 శాతం చొప్పున రూ.1,87,500 చెల్లించాలి. సెస్సు అదనం.

పొలానికి వేరే లెక్క
నగర పరిధికి వెలుపల నిర్ణీత దూరం దాటి ఉన్న సాగుభూమి అమ్మకంపై ఈ లాభాల పన్ను ఉండదు. లక్షకు మించి 10 లక్షల లోపు జనాభా గల నగరాలకు ఆ దూరం 6 కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం వరంగల్ ఈ కోవలోకే వస్తుంది. దూరాన్ని రోడ్డు మీదుగా కాక నేరుగా కొలుస్తారు.

మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, పాత దస్తావేజులు, ఈసీతో పాటు 2001 నాటి విలువకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయ ఆధారాన్నీ పంపకాలకు ముందే సేకరించుకుంటే కుటుంబంలో కలహాలకు, అధిక పన్నుకు చాలావరకు తావుండదు.