ఇంటరులో కానరాని శాస్త్రము

గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోయుచున్న ఇబ్రహీంపట్నమునకు ఒకనాడు పెద్దచెరువే ప్రఖ్యాతి. నేడు రంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణము పేరు చెప్పగానే తల్లిదండ్రులకు ముందుగా తోచునవి ఇంజనీరింగు కళాశాలలు. నాగార్జునసాగరు రహదారి పొడవునను, మంగళ్‌పల్లిలోను శేరిగూడలోను అవి బారులు తీరి యున్నవి. ఉదయమున ఆ దారిని సాగు కళాశాలల బస్సులను లెక్కించుట కష్టము. వానిలో చదువగోరు వారిలో పెక్కుమంది ఆశ ఒక్కటే: కంప్యూటరు సైన్సు శాఖలో సీటు.

ఇందొక వింత కలదు. ఆ సీటు కొరకు రెండేండ్లు రాత్రింబవళ్లు శ్రమించు ఇంటరు విద్యార్థి ఆ రెండేండ్లలో ఆ శాస్త్రమును ఒక్క పుటయైనను చదువడు. ఎం.పి.సి. యనగా గణితము, భౌతికము, రసాయనము. ప్రవేశపరీక్షయగు ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు. గణితమున 80, భౌతికమున 40, రసాయనమున 40. కంప్యూటరుకు మిగిలినది సున్న. వృత్తివిద్యా ఇంటరులో చేరినవానికి ఆ పాఠములు కలవు. ఆ కోర్సును చులకనగా చూచు మనము దీనిని గమనింపము.

కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అనగా సి.బి.ఎస్‌.ఇ., వారి పాఠశాలలలో పదునొకండు, పండ్రెండు తరగతులకు ఇది ఐచ్ఛిక విషయము. వ్రాతపరీక్షకు 70 మార్కులు, ప్రయోగములకు 30. పూర్వము సి ప్లస్‌ ప్లస్‌ భాష నేర్పెడివారు. ఇప్పుడు పైథాన్‌ నేర్పుచున్నారు. దానితోపాటు పట్టికలలో దాచిన సమాచారమును వెలికితీయు పద్ధతి, కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు విధానము పాఠములై యున్నవి.

కాని భాష పేరు ముఖ్యము కాదు. నేర్వవలసినది ఆలోచించు తీరు. దానికి యంత్రమైనను అక్కరలేదు. నల్లబల్ల, సుద్దముక్క చాలును. ఒక బడి హాజరుపట్టీలో 1000 పేర్లు అకారాది క్రమమున నున్నవనుకొందము. ఒక పేరు వెదకవలెను. మొదటినుండి చదువుకొనుచు పోయినచో వేయిపేర్లును చూడవలసి రావచ్చును. అట్లుగాక సరిగా నడిమి పేరు చూచి, కావలసినది దానికి ముందా, వెనుకా యని తేల్చుకొన్నచో సగము పట్టీ తొలగిపోవును. మిగిలినదానికి మరల నట్లే. 500, 250, 125, 62, 31... ఇట్లు పదిసార్లు చూచునప్పటికి పేరు దొరకును, లేదా లేదని తేలును. పదిలక్షల పేర్లున్నను ఇరువదిసార్లు చాలును. అయితే పట్టీలో పేర్లు చేరిన తేదీలవారీగా వ్రాసి యున్నచో ఈ యుక్తి పనికిరాదు. ఎందువలన? ఆ ప్రశ్న పిల్లవాని నోట వచ్చిన నాడు పాఠము సగము చెప్పినట్లే. చెరువు క్రింది మళ్లకు నీరు విడుచు నీరటి యెరిగిన వరుస, నీరు తగ్గినపుడు ఎవరికెంత కోతయను కట్టుబాటు, ఇవియును ఇటువంటి పాఠములే.

బి.టెక్‌ మొదటి సంవత్సరమున ఎట్లును నేర్పుదురు కదా, ఇప్పుడే భారమెందుకని కొందరు ఉపాధ్యాయుల వాదము. భారము మాట నిజమే. కాని తెలుగు మాధ్యమమునుండి వచ్చిన బిడ్డకు ఆ మొదటి సంవత్సరమున ఆంగ్లము కొత్త, సి భాష కొత్త, ఆలోచనాసరణియు కొత్త. ప్రక్క బల్లపై కూర్చున్నవాడు రెండేండ్లు చదివి వచ్చినవాడు కావచ్చును. అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి. తనకీ శాస్త్రము రుచించునో లేదో యెరుగకయే నాలుగేండ్లను, తండ్రి కష్టార్జితమును ఒడ్డుచున్నాడు. అన్నము మెతుకు చూడక వంద మందికి వడ్డించినట్లున్నది.

చిత్తూరు జిల్లా కాటూరున పుట్టిన రాజ్‌రెడ్డి గారు బడిలో కంప్యూటరు నెరుగరు. గిండీలో సివిల్‌ ఇంజనీరింగు చదివి 1958లో పట్టము పొందిరి. 1994లో ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగు బహుమానమందిరి. బడిలో లేకున్నను పైకి రావచ్చుననుటకు వారిని ఉదాహరింతురు. ఆనాడు మన బడులలో ఎవరికిని కంప్యూటరు లేదు; నేడు కొందరికి కలదు, కొందరికి లేదు. భేదమంతయు అక్కడనే యున్నది. 1984లో క్లాస్‌ పథకము క్రింద కేంద్రప్రభుత్వము బడులకు బి.బి.సి. మైక్రో యంత్రములు పంపుట నారంభించినది. నలుబదేండ్లు దాటినవి. యంత్రములు మారినవి, ఎం.పి.సి. పాఠ్యపట్టిక యందు మాత్రము ఆ శాస్త్రమునకు చోటు దొరకలేదు.

చోటు దొరకువరకు ఒక ఉపాయము కలదు. ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. వారు 2019లో పదునొకండవ తరగతికి, 2020లో పండ్రెండవ తరగతికి ప్రచురించిన కంప్యూటరు సైన్సు పుస్తకములు ఇంటర్నెట్టులో ఉచితముగా లభించును. ప్రవేశపరీక్ష ముగిసిన పిమ్మట శాఖ నెన్నుకొనువరకు కొన్ని వారములు చేతిలో నుండును. ఒక ఉపాధ్యాయుడు, నలుగురు పిల్లలు, ఒక నల్లబల్ల ఉన్నచో మొదటి పుస్తకమున సగము ముగియును. అప్పుడు ఏ శాఖ కావలెనో ఆ నలుగురే చెప్పగలరు.