తుక్కుగూడలో ప్లాటు చూపించే ఏజెంటు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ ఓఆర్‌ఆర్‌ పద్నాలుగో ఎగ్జిట్‌లో దిగి శ్రీశైలం హైవే ఎక్కితే చాలు, వెంచర్ల బోర్డులు మొదలు. ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు, ఫ్యూచర్ సిటీకి పక్కనే. సైట్ విజిట్ కారు ముందు సీట్లోంచి ఏజెంటు వెనక్కి తిరిగి, "సార్, ఈ కార్నర్ బిట్ మీకోసమే ఆపించిన. ఇయ్యాల టోకెన్ ఇస్తే గజానికి వెయ్యి తగ్గిస్తరు" అంటాడు. చేతిలో బ్రోచర్ ఉంటుంది, ప్లాట్ల నంబర్లు ఉంటాయి. ఆయన సొంత నంబరు మాత్రం ఎవరూ అడగరు. ఫోన్ నంబరు కాదు, రెరా నంబరు.

ఇలాంటి వాళ్లకు కొత్తగా లైసెన్సు పెట్టాలని, పరీక్ష పెట్టాలన్నది తరచూ వినిపించే మాట. ముందు ఉన్నదేమిటో తెలియాలి కదా.

అపోహ: ఈ పనికి లైసెన్సే లేదు, ఎవరైనా చేసుకోవచ్చు.

లేకేం, ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం (రెరా) తొమ్మిదో సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు రెరా ప్రాజెక్టులో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మించకూడదు. తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు చెప్పాలి. తప్పితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా. 60 లక్షల ప్లాటైతే 3 లక్షలు. ముప్పై రోజుల్లో లెక్క అక్కడికి చేరుతుంది. రిజిస్టర్ కాని వెంచర్‌లో ప్లాటు అమ్మించినా ఇదే శిక్ష. కాబట్టి ‘ప్రీలాంచ్ రేటు’ అంటూ వచ్చే వాట్సాప్ మెసేజ్ కంపెనీ తప్పు మాత్రమే కాదు, కమీషన్ కోసం దాన్ని పంపినవాడి తప్పు కూడా.

అపోహ: కంపెనీకి రెరా ఉంటే ఏజెంటుకు వేరే అక్కర్లేదు.

తుక్కుగూడ చుట్టుపక్కల ఎక్కువగా చెల్లుబాటయ్యే అపోహ ఇదే. తెలంగాణలో ప్రాజెక్టు నంబరు ‘పీ02’తో మొదలవుతుంది, ఏజెంటు నంబరు ‘ఏ02’తో. రెండూ రెరా వెబ్‌సైట్‌లో వెతికితే దొరుకుతాయి. బ్రోచర్ మీద ఉన్న మొదటిది చూపించి రెండోది కూడా ఉన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు. మార్కెటింగ్ అసోసియేట్, అడ్వైజర్, డైరెక్టర్ అని ఏ పేరు పెట్టుకున్నా, కమీషన్ తీసుకుని కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ కలిపితే చట్టం దృష్టిలో ఏజెంటే. ‘ఏ మాధ్యమం ద్వారానైనా’ అని నిర్వచనంలోనే ఉంది. ఉద్యోగం చేసుకుంటూ, బంధువులకు ప్లాట్లు అంటగట్టి గొలుసుకట్టు కమీషన్ తీసుకునే బావగారూ ఇందులోకే వస్తారు.

అపోహ: నంబరుందంటే తెలిసినవాడే.

కాదు. చట్టం అడిగేది రిజిస్ట్రేషనే, పరీక్ష కాదు. మహారాష్ట్ర రెరా మాత్రం 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. మనకూ అదే కావాలనేవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు. లేఅవుట్ అనుమతికీ రిజిస్ట్రేషన్‌కీ తేడా తెలియని కుర్రాడికి పరీక్ష మేలే చేస్తుంది. కానీ చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు తెలిసీ దాచేవాడు పరీక్షలోనూ మంచి మార్కులే తెచ్చుకుంటాడు. లైసెన్సులు చాలాసార్లు వినియోగదారుడి కంటే అప్పటికే వృత్తిలో ఉన్నవాళ్లనే కాపాడతాయని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లోనే వాదించాడు. ఫీజులు, కోచింగ్ పెద్ద మార్కెటింగ్ కంపెనీలకు లెక్క కాదు. ఊళ్లో భూమి పోయి ఈ పనిలోకి దిగినవాడికే భారం. నన్నడిగితే సింగపూర్ దారి మెరుగు. 2010లో ప్రత్యేక సంస్థ పెట్టి పరీక్ష పెట్టారు నిజమే, కానీ అసలు పనికొచ్చేది వాళ్ల బహిరంగ రిజిస్టర్. ఏజెంటు ఫోన్ నంబరు కొడితే చాలు, అతనికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో తెలిసిపోతుంది.

అపోహ: ఏ భూమి కొన్నా రెరా అండ ఉంటుంది.

కొత్త నిబంధన నిజంగా కావాల్సింది ఇక్కడే. చట్టంలో ఏజెంటంటే ‘రియల్ ఎస్టేట్ ప్రాజెక్టు’లో మధ్యవర్తి. పదేళ్ల కిందటి పంచాయతీ లేఅవుట్‌లో ఒకాయన తన ప్లాటు ఇంకొకరికి అమ్మితే, మహేశ్వరం వైపు ఎకరం పొలం చేతులు మారితే, నడుమ నిలబడ్డ బ్రోకరుకు ఈ రిజిస్ట్రేషన్ వర్తించదు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించని వెంచర్‌కీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, సరిహద్దు రాళ్ల తగాదాలు ఎక్కువగా ఉండేవి ఈ పాత భూముల లావాదేవీల్లోనే. పరీక్ష సంగతి తర్వాత. ముందు రీసేల్ బ్రోకరుకూ ఒక నంబరివ్వాలి, అమ్మకం ఒప్పందంలో అతని పేరు, సంతకం ఉండాలి.

అపోహ: రెండు శాతం కమీషన్ ప్రభుత్వ రేటు.

రెరా చట్టంలో అలాంటి అంకె ఏదీ లేదు. అది బజారు ఆనవాయితీ, బేరమాడొచ్చు. రిజిస్టరైన ఏజెంటు లెక్కల పుస్తకాలు రాయాలని మాత్రం చట్టంలో ఉంది. కాబట్టి కమీషన్ నగదుగానే కావాలన్నా, రసీదు ఇవ్వనన్నా, ముందు ఆ ‘ఏ02’ నంబరు అడగండి.