సొంత మిషన్‌తో సెల్ మరమ్మతులు
వేడి పుట్టించడం సులువే, అదుపులో ఉంచడమే అసలు పని

చోడవరం: సెల్‌ఫోన్ ఛార్జింగు పిన్ను ఊడిపోతే విశాఖపట్నం బస్సెక్కవలసిన అవస్థ ఈ చుట్టుపక్కల గ్రామాలవారికి కొంతవరకు తప్పింది. పట్టణంలో ఇరవై ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు బాగుచేస్తూ వచ్చిన ఒక మెకానిక్, బోర్డు మీది భాగాలను వేడిగాలితో ఊడదీసి తిరిగి అతికే యంత్రాన్ని తన చేతులతో తయారుచేసుకుని పని సాగిస్తున్నారు. మరమ్మతు పనివారు ఈ యంత్రాన్ని ఎస్.ఎం.డి. మిషన్ అంటారు.

ఫోను మూలపడితే ఇవాళ ఆగిపోయేది మాటలు ఒక్కటే కాదు. బ్యాంకు ఓటీపీ అందదు. పిల్లలు పంపిన సొమ్ము వచ్చిందో లేదో తెలియదు. పొలంలో మోటారును ఫోను ద్వారా నడిపే రైతుకు తడి ఆగిపోతుంది. మరమ్మతు దగ్గరలో జరగకపోతే ఒక పూట కూలీ, బస్సు చార్జీలు అదనపు నష్టం. ఇటు మెకానిక్ పరిస్థితీ అంతే. కొత్త పని నేర్వనివాడి దుకాణం ముందు నుంచి గిరాకీ నేరుగా బస్టాండుకు వెళ్లిపోతుంది.

ఐరన్ ఎందుకు చాలదు?

పాత రేడియోలు, టీవీలలో ప్రతి భాగానికీ కాళ్లు ఉండేవి. అవి బోర్డు రంధ్రాలలోంచి అవతలికి దిగేవి. సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో కాలి దగ్గర టంకం కరిగించి తీసివేసేవారు. ఇప్పటి బోర్డులలో భాగాలు పైనే అతికి ఉంటాయి. కొన్ని ఐ.సి.లకు నాలుగు వైపులా కాళ్లు ఉంటే, మరికొన్నింటికి కాళ్లే ఉండవు. అడుగున ఆవగింజల కన్నా చిన్నవైన టంకం గుళ్లు ఉంటాయి. అన్ని అతుకులూ ఒకేసారి కరిగితే తప్ప ఐ.సి. పైకి లేవదు. బలవంతంగా లాగితే దాంతోపాటు రాగి గీతలూ లేచి బోర్డు పనికిరాకుండా పోతుంది. అందుకే వేడిగాలి అవసరమైంది.

దీనికి తోడు టంకమూ మారింది. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిసిన పాత టంకం 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. సీసం వాడకంపై ఐరోపా దేశాలు 2006 జూలై 1 నుంచి ఆంక్షలు అమలులోకి తెచ్చిన తరువాత తయారీదారులు చాలావరకు సీసం లేని టంకానికి మారారు. ఎక్కువగా వాడే రకం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. అంటే పాత అలవాటు కన్నా 34 డిగ్రీలు ఎక్కువ. టంకం కరగాలి కాని పక్కనున్న ప్లాస్టిక్ సాకెట్టు కరగకూడదు. ఈ రెండింటి నడుమ ఉన్న సందు చాలా ఇరుకు.

రెండుసార్లు విఫలం

కొనబోతే కొరివి అన్నట్టు, పేరున్న కంపెనీల మిషన్లు అప్పట్లో ఆయనకు అందుబాటులో లేవు. మొదట ఒక పాత సోల్డరింగ్ ఐరన్ గొట్టంలో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, చేపల తొట్టి పంపుతో దాని గుండా గాలి పంపారు. పీచు వేడిని పట్టి గాలికి అందించింది. చిన్న చిన్న భాగాలు ఊడాయి కాని, పెద్ద ఐ.సి. దగ్గర గాలి చాలలేదు.

రెండోసారి పెయింటు ఊడగొట్టే హీట్ గన్ తెచ్చారు. దాని వేడికి కొరత లేదు, గాలికీ కొరత లేదు. ఆ విసురుకు చుట్టూ ఉన్న చిన్న భాగాలు ఎగిరిపోయాయి. ఒక గిరాకీదారు ఫోనులో సిమ్ సాకెట్టు కరిగిపోగా ఆ నష్టం ఆయనే భరించవలసి వచ్చింది. అదుపు లేని వేడి పనికిరాదని అప్పుడే తేలిపోయిందని ఆయన అంటున్నారు.

మూడో ప్రయత్నంలో, తయారీ మిషన్లకు విడిభాగంగా అమ్మే చేతిపిడిని కొన్నారు. అందులో హీటరు, 24 వోల్టుల చిన్న ఫ్యాను, వేడిని కొలిచే థర్మోకపుల్ అమర్చి ఉంటాయి. హీటరు దాదాపు 700 వాట్లది. 230 వోల్టుల కరెంటు మీద సుమారు మూడు ఆంపియర్లు తీసుకుంటుంది. అదుపు చేసే పెట్టెను మాత్రం తానే కట్టుకున్నారు.

అదుపు ఎలా జరుగుతుంది?

థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహపు తీగలను కొస వద్ద కలిపిన సాధనం. కొస వేడెక్కితే అతి స్వల్పంగా వోల్టేజి పుడుతుంది. ‘కె’ రకంలో డిగ్రీకి సుమారు 41 మైక్రో వోల్టులు, అంటే 300 డిగ్రీల తేడాకు 12 మిల్లీ వోల్టులు మాత్రమే. దీన్ని మ్యాక్స్ 6675 అనే ఐ.సి. చదివి అంకెగా మారుస్తుంది. ఆర్డువినో అనే చిన్న బోర్డు ఆ అంకెను, మెకానిక్ పెట్టిన అంకెతో పోల్చి చూస్తుంది.

హీటరుకు కరెంటు ఇచ్చేది, ఆపేది ట్రయాక్. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అంటే వంద అర ఆవృత్తులు. నలభై శాతం వేడి చాలనుకుంటే వందలో నలభై మాత్రమే హీటరుకు వదులుతుంది. ఆర్డువినోకు, ట్రయాక్‌కు నడుమ తీగ సంబంధం లేకుండా కాంతి ద్వారా సంకేతం అందించే ఆప్టోకప్లర్ ఉంటుంది. 230 వోల్టులు చిన్న బోర్డు మీదికి, అక్కడి నుంచి మనిషి చేతికి రాకుండా కాపాడేది ఇదే.

మిషన్ మీద 350 అని కనిపించినంత మాత్రాన బోర్డు 350 డిగ్రీలకు చేరినట్టు కాదు. అది మూతి వద్ద గాలి వేడి. మూతిని ఎంత దూరంలో పట్టారు, ఎంతసేపు తిప్పారు అన్నదాన్ని బట్టి బోర్డు వేడి మారుతుంది. కొత్త మూతి బిగించినప్పుడల్లా పాడైన బోర్డు మీద ముందు పరీక్షించాకే గిరాకీ ఫోను ముట్టుకుంటారు. బ్యాటరీని తప్పనిసరిగా ముందే తీసివేస్తారు. లిథియం బ్యాటరీకి వేడి తగిలితే మంటలు లేస్తాయి.

ఆపిన తరువాతే ప్రమాదం

బెల్లం వండే ఈ ప్రాంత రైతులకు ఒక సంగతి బాగా తెలుసు. పొయ్యిలో మంట ఆపినా పెనంలో పాకం ముదురుతూనే ఉంటుంది. హీటరు సంగతీ అంతే. పని కాగానే మెయిన్ స్విచ్చి కట్టేస్తే ఫ్యాను కూడా ఆగిపోతుంది. లోపల చిక్కుకున్న వేడికి చేతిపిడి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అందుకే పిడిని స్టాండులో పెట్టగానే హీటరు ఆగి, వేడి వంద డిగ్రీల లోపుకు దిగేవరకు ఫ్యాను తిరిగేలా ఆయన ఏర్పాటు చేసుకున్నారు.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ట్రయాక్ చెడితే చాలాసార్లు తెగిపోదు, షార్టు అయిపోతుంది. అప్పుడు ఆర్డువినో ఆపమన్నా హీటరు ఆగదు. దీనికి విరుగుడుగా హీటరు దారిలో వేరే రిలే ఒకటి పెట్టారు. వేడి హద్దు దాటినా, థర్మోకపుల్ తీగ తెగినా అది కరెంటును పూర్తిగా తప్పిస్తుంది.

ఫ్యూజు, స్విచ్చి ఫేజు తీగ మీదే ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గు వాడి, ఎర్తు తీగను ఇనుప పెట్టెకు, మూతి గొట్టానికి కలపాలి. ఎర్తు పిన్నుకు, మూతికి మధ్య తెగింపు లేదని మీటరుతో చూడకుండా కరెంటు పెట్టకూడదు. చౌకరకం తయారీ మిషన్లలో కూడా ఎర్తు కలపనివి, ఫ్యూజును న్యూట్రల్ మీద పెట్టినవి తగులుతుంటాయి కనుక, కొన్నవారు సైతం ఒకసారి మూత విప్పి చూసుకోవడం మేలు.

పేస్టు పొగ కళ్లకు, ఊపిరికి మంచిది కాదు. బల్ల పక్కన పొగను బయటికి లాగే ఫ్యాను ఉండాలి. సీసం టంకం ముట్టిన చేతులతో తినరాదు.

లాభం ఎక్కడ?

నిజానికి ఇప్పుడు చౌకరకం తయారీ మిషన్లు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి. విడిభాగాలు కొని కట్టుకుంటే మిగిలేది పెద్దగా లేదు. కాని సొంత మిషన్ చెడితే ఏ భాగం పోయిందో ఆయనకు తెలుసు. దుకాణం మూతపడకుండా అదే రోజు బాగుచేసుకోగలరు. రేడియోల కాలం నాటి చేయి ఈ కాలపు బోర్డు మీద కుదిరింది కూడా ఈ మిషన్ కట్టడంతోనే. పని నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రవాళ్లు ఆయన దగ్గర చేరారు. మూత విప్పి ఎర్తు చూడటమే వారికి చెప్పిన మొదటి పాఠం.

అయితే మీటరు పట్టడం తెలియనివారు, 230 వోల్టుల పనిలో అనుభవం లేనివారు ఇలాంటి ప్రయత్నానికి దిగరాదని ఆయన గట్టిగా చెబుతున్నారు.

వస్తువులను బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసింది. ఆ హక్కు పల్లెకు చేరాలంటే బాగుచేసే చేయి కూడా పల్లెలో ఉండాలి. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రానిక్ మెకానిక్ కోర్సు ఉన్నప్పటికీ, దుకాణం మూసి ఏళ్ల తరబడి చదువుకునే వీలు వీరికి లేదు. సాయంత్రం వేళల్లో కొద్ది వారాల శిక్షణ ఏర్పాటు చేసి, ముందుగా కరెంటు భద్రత నేర్పాలని మండలాల మెకానిక్‌లు కోరుతున్నారు.